అరంగుళం

ముందు అడ్డం, తర్వాత నిలువు.
ముప్ఫై ఏళ్లుగా ఇదే వరస.
ఆల్విన్ కారులో, నేను వెనక దుమ్ములో,
చక్రం కింద చెక్క, చేతిలో రసమట్టం:
ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు!
చాలన్నానుగా, దాటిపోయింది, మళ్లీ వెనక్కి రా.

ఈసారి తోలేదీ నేనే, దిగి చూసేదీ నేనే.
అతను మడత కుర్చీలో,
టోపీ ఒళ్లో పెట్టుకుని.

ఫ్లిండర్స్ కొండల్లో, ఎండిన ఏటి ఒడ్డున
చోటు ఎంచుకోవడమే సగం పని.
నీలగిరి చెట్ల నీడ రమ్మంటుంది, పోకూడదు.
ఆకు కదలని మధ్యాహ్నం కూడా
ఉన్నట్టుండి కొమ్మ వదిలేస్తాయవి.
నీడకి ఎడంగా మాకు మిగిలింది
ఎర్రమట్టి ముక్క, ఎడమకి వాలు.

నాలుగుసార్లు ఎక్కి దిగాక
రెండు గీతల మధ్య కుదురుకుంది బుడగ.
చక్రాలకి అడ్డు పెట్టి, కారు విడదీసి,
ముందున్న చిన్నచక్రం పిడి తిప్పి, నిలువు సరిచేసి,
నాలుగు మూలలా కాళ్లు దించాను.
ఫ్రిజ్ వెలిగించాను. అది మా అత్తగారి లాంటిది,
కాస్త వాలు కనబడితే అలుగుతుంది.

ఆల్విన్ లోపలికొచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.
"ఎడమకి వాలింది, డల్సీ."

జూన్‌లో, చలి ముదిరిన రోజుల్లో,
చిన్న దెబ్బే అన్నారు ఆస్పత్రిలో.
చెయ్యి వచ్చింది. మాట వచ్చింది.
మట్టం మాత్రం రాలేదు.
ఇంట్లో గోడ మీది పటాలన్నీ అతను సరిచేసేవాడు,
వెనకే నేను మళ్లీ సరిచేసేదాన్ని.

నలభై ఏళ్లు బండలు పరిచిన మనిషి.
వయాలాలో సగం స్నానాలగదుల్లో
నీళ్లు తూము వెతుక్కునేది ఇతనిచ్చిన వాలు వెంటే.
రసమట్టం చేతికిచ్చాను.
చాలాసేపు చూశాడు.
"ఇది అబద్ధమాడదు" అన్నాడు.
తిరిగి ఇచ్చేస్తూ,
"నేనూ ఆడను."

పక్క బండి కుర్రాడు లాక్లన్
ఫోన్ తెచ్చి వంటగట్టు మీద పడుకోబెట్టాడు.
సున్నా అంది ఫోను.
మాకు తెలుసు నాయనా, టీ తాగి వెళ్లు.

రాత్రి మెలకువొస్తే
మంచం పట్టీ రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు,
పడవలో కూర్చున్నవాడిలా.
ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

టార్చి నోట కరిచి బయటికెళ్లాను.
కాళ్లు నాలుగూ ఎత్తి,
ఇరుసు కింద జాకీ పెట్టి ఎడమ వైపు లేపాను.
సన్నటి చెక్క కావాలి. తెచ్చినవన్నీ లావు.
వంటగట్టు మీదున్నది తీసుకొచ్చి తోశాను
చక్రం కిందికి, అరంగుళం.
లోపల్నుంచి అతని గొంతు:
ఇంకొంచెం...
చుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, చూసుకున్నాను.
ఇంకొంచెం...
చాలు.
చాలన్నానుగా, డల్సీ, దాటిపోయింది.

తెల్లారేసరికి ఇద్దరం కుడి గోడకి చేరి ఉన్నాం,
నేను గోడకి, అతను నాకు.
గురక పెడుతున్నాడు.
తలుపు తనంతట తనే తెరుచుకుంది,
గులాబి రంగు కాకతువ్వలు రెండు తొంగి చూశాయి.
గుడ్డు గట్టు మీద పెడితే బయల్దేరింది,
అంచున పట్టుకున్నాను.
పాలు విరిగాయి. ఫ్రిజ్ అలిగింది.
కప్పులో టీ ఒక పక్క అంచుకి ఎగబాకి
నీరు పల్లమెరుగునని పాతమాటే చెప్పింది.

లాక్లన్ పళ్లు తోముకుంటూ ఆగాడు.
"మీ బండి ఒరిగినట్టుంది, ఆంటీ."
"లేదే" అన్నాడు ఆల్విన్, లోపల్నుంచి,
పట్టుకోకుండా నిలబడి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

రొట్టె కోయడానికి చెక్క లేదు.
ఒళ్లో పెట్టుకుని
చేతులతో తుంచుకున్నాం.